ఇరవై రెండు మంది పిల్లలు, ఒక్క డ్రమ్ము

ప్రశ్న: అక్కా, నేను మైదుకూరు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచర్ను. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు ఇరవై రెండు మంది వస్తారు. పాటలు, వాయిద్యాలు పిల్లలకు పరిచయం చేయాలని ట్రైనింగులో చెప్పినారు. మా సెంటర్లో ఉండేది ఒక్క బొమ్మ డ్రమ్ము. అది బయటికి తీస్తే చాలు, కొట్లాట. బీరువా మీద పెట్టేసినా. ప్లేట్లు, డబ్బాలు ఇచ్చి చూస్తే ఆ సద్దుకు గోడ అవతలి ఎలిమెంటరీ స్కూలు సారు వచ్చి "ఏందమ్మా ఈ గోల" అన్నాడు. ఒక పిల్లోడున్నాడు, వాళ్ల నాయన పలక (డప్పు) కొడతాడు. వాడు బకెట్ బోర్లేసి కొడితే నేనే పని ఆపి నిలబడిపోతా. తక్కిన పిల్లోళ్లు వాన్ని చూసి కొడతాండారు. ఇద్దరు తల్లులు వచ్చి, "మా పిల్లోళ్లకు పలక నేర్పిస్తాండావా? ఇంగ్లీషు రైమ్స్ నేర్పు, లేకుంటే టౌన్లో కాన్వెంటుకు పంపుతాం, ఆడ కీబోర్డు నేర్పిస్తే తెలివి పెరుగుతాదంట" అన్నారు. ఇంకో పాప సద్దు మొదలైతే చెవులు మూసుకొని మూలకు పోతుంది. నాకా, పాడే గొంతు లేదు. జనవరి 26కు పిల్లలతో ప్రోగ్రాం చేయించమని సూపర్‌వైజర్ మేడం అంటోంది. యాడ మొదలుపెట్టాల్నో చెప్పక్కా.
(పేరు వద్దన్నారు, కడప జిల్లా)

జవాబు:

చెల్లీ, ఆ డ్రమ్మును కొన్నాళ్లు బీరువా మీదే ఉండనియ్యి. ఇరవై రెండు మంది మధ్య ఒక్క వస్తువు పెడితే పెద్దోళ్లమే కొట్లాడతాం, కొళాయి దగ్గర చూడలేదా? ముందు అందరి చేతికీ ఒకేసారి అందేది ఏదో ఒకటి కావాల. దానికి పైసా ఖర్చు లేదు.

మీ పక్క ఎవరో ఒకరు కంది వేసే ఉంటారు. కాయ కొట్టుకున్నాక కంది కట్టె కల్లంలో పడి ఉంటుంది, అడిగితే మోపెడు ఇస్తారు. బొటనవేలంత లావుండేవి ఏరి, నీ జానకు జానెడు పొడుగున కోయించు. కొనలు గరుకు కాగితంతో రుద్ది మొద్దు చెయ్యి. చేతికి పుల్ల గుచ్చుకోకుండా బెరడు కూడా గీకించు. మనిషికి రెండు. కోలాటం కర్రలంత పొడుగు వద్దే వద్దు. మూడేళ్ల బిడ్డ చేతిలో మూరెడు కట్టె ఉంటే అది పక్కోని కంట్లోకి పోతుంది.

మొదటి రోజు పాటా వద్దు, తాళమూ వద్దు. గుండ్రంగా కూర్చోబెట్టి కట్టెలు ఇచ్చి ఊరికే కొట్టుకోనియ్యి. రెండు నిమిషాలు చెవులు దిమ్మెక్కుతాయి, ఓర్చుకో. తర్వాత ఒకే ఒక్క కట్టుబాటు పెట్టు: నీ చెయ్యి పైకి లేస్తే అందరి కట్టెలూ ఒళ్లోకి రావాల, దిగితే మళ్లీ కొట్టాల. లేపు, దించు, లేపు, దించు. ఒకసారి లేపిన చెయ్యి ఎంతకీ దించొద్దు. నవ్వు ఆపుకోలేక పెదాలు బిగబట్టుకొని నీ చేతివైపే చూస్తుంటారు, ఒకడు ఆగలేక టక్కుమనిపిస్తాడు, అందరూ గొల్లుమంటారు. సద్దు చేయడం పిల్లలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆపడం వాళ్లకు కొత్త. సంగీతంలో సగం అదే, నీ క్లాసులో క్రమశిక్షణకు కూడా అదే. రెండో రోజు నుంచి చెయ్యి లేపే పెద్దరికం పిల్లలకే ఇయ్యి, రోజుకొకరికి. డ్రమ్ము సంగతి వాళ్లు అడగనే అడగరు.

ఇది కుదురుకున్నాక చిన్నగా కొట్టడం, గట్టిగా కొట్టడం. నువ్వు నోటితో చెప్పొద్దు, నీ కట్టెలతోనే చూపించు. నువ్వు నేలకు దగ్గరగా, వినీ వినబడకుండా కొడితే వాళ్లూ వంగుతారు. ఆ వంగడంలోనే వాళ్ల చెవి పనిచేయడం మొదలవుతుంది. మొత్తం పది పదిహేను నిమిషాలు దాటనీయొద్దు. ఇంకాసేపు కావాలని అడుగుతుండగానే ఎత్తిపెట్టేసెయ్యి.

తాళం తప్పుతున్నారని మాత్రం బెంగ వద్దు. ఈ వయసు పిల్లల సొంత వేగం మన వేగం కంటే ఎక్కువ. నువ్వు నిమ్మళంగా కొడుతుంటే వాళ్లు గబగబా కొట్టుకుంటూ పోతారు, నెమ్మదించమంటే వాళ్ల చేతికి సాధ్యం కాదు. కాబట్టి నువ్వే వాళ్ల వేగానికి పోవాల. ఒక పిల్లోడు కొడుతుంటే పక్కన కూర్చొని వాడు కొట్టినట్టే నువ్వూ కొట్టు. కొంచెం సేపటికి వాడు నీ వైపు తిరిగి చూస్తాడు, అప్పుడు నువ్వు రవ్వంత నెమ్మదిస్తే వాడూ నెమ్మదిస్తాడు. జర్మనీలో సెబాస్టియన్ కిర్ష్‌నర్, మైకేల్ టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు దీన్నే పరీక్షించి 2009లో ప్రచురించారు. రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ల పిల్లల చేత డ్రమ్ము కొట్టించారు. ఒకసారి మనిషితో కలిసి, ఒకసారి కొట్టే యంత్రంతో, ఒకసారి స్పీకర్లో వచ్చే శబ్దంతో. మనిషి ఎదురుగా కూర్చొని కొట్టినప్పుడే పిల్లలు తాళానికి ఎక్కువగా కలిశారు, రెండున్నరేళ్ల వాళ్లు కూడా. ఫోన్లో రైమ్స్ పెట్టి పక్కన రిజిస్టర్లు రాసుకునే టీచర్లు ఈ సంగతి గుర్తు పెట్టుకుంటే బాగుండు. (రిజిస్టర్లు ఎన్ని ఉన్నాయో నాకూ తెలుసులే, నిన్ను అనడం లేదు.)

గొంతు లేదన్నావు. పిల్లలకు కావాల్సింది గాయని కాదు, ప్రతిరోజూ అదే పాట పాడే మనిషి. ఒకే పాటను నెల రోజులు పాడినా వాళ్లకు విసుగు రాదు, నీకు వస్తుంది. మూడేళ్ల పిల్లలు ముందు మాటలు, ఊపు పట్టుకుంటారు, రాగం తర్వాతెప్పుడో వస్తుంది. ఆ లోపల సరిదిద్దే పని పెట్టుకోవద్దు. ఒక్కటి చూసుకో: పెద్దోళ్లం మామూలుగా మనకు హాయిగా ఉండే కిందిస్థాయిలో ఎత్తుకుంటాం. పిల్లల గొంతు అక్కడికి దిగదు, అందుకే మాట్లాడినట్టు అరుస్తారు. కొంచెం పైన ఎత్తుకో. నీకు కీచుగా అనిపించినా వాళ్లకు సరిపోతుంది.

ఇక వాయిద్యాలు. సంగీతం సామాన్లు కొనే ముందు నీ స్టోర్ రూములో ఏముందో చూడు. గుడ్లు వచ్చే అట్ట ట్రేలు పారేస్తున్నావా? బోర్లించి కంది కట్టెతో అడ్డంగా గీస్తే గరగరమంటుంది. నిదానంగా గీస్తే ఒక తీరు, జర్రుమని లాగితే ఇంకో తీరు. రెండు రోజుల్లో చిరిగిపోతుంది, చిరగనియ్యి, వారం వారం కొత్తవి వస్తాయి కదా. అట్టపెట్టెలు, ఖాళీ నూనె డబ్బా, ప్లాస్టిక్ బకెట్, ఇత్తడి చెంబు, కొబ్బరి చిప్పలు, ఇవన్నీ ఒక గంపలో వేసి పెట్టు. ఏదాన్ని దేంతో కొట్టాలో నువ్వు చెప్పొద్దు. చెంబును చేత్తో పట్టుకొని కొడితే టక్కుమని చచ్చిపోతుంది, అంచుకు దారం కట్టి వేలాడదీసి కొడితే ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఈ సంగతి నాలుగేళ్ల పిల్ల తనంతట తాను కనిపెట్టినప్పుడు మొహం చూడాల. చెయ్యి తీసి, పెట్టి, మళ్లీ తీసి, పెట్టి, పదిసార్లు చూసుకుంటుంది. ఆ పది సార్లూ నువ్వు అడ్డం పోకుండా ఉంటే అదే పెద్ద బోధన.

కంది కట్టె కొసకు పాత చీర పీలిక నాలుగు చుట్లు చుట్టి దారంతో కట్టు. అదే డబ్బా ఇప్పుడు డబ్ డబ్ అని మెత్తగా పలుకుతుంది. పీలిక చుట్టిన కట్టె ఒకటి, చుట్టని కట్టె ఒకటి చేతికిస్తే తేడా వాళ్లే చెబుతారు. పక్క సారు గొడవకు కూడా ఇదే మందు, ఆ సంగతికి మళ్లీ వస్తా.

నీళ్ల లోటాలు కూడా పెట్టు. నాలుగు స్టీలు లోటాలు, ఒకదాంట్లో ఖాళీ, ఒకదాంట్లో పావు, ఒకదాంట్లో సగం, ఒకదాంట్లో నిండా. స్పూనుతో తడితే నీళ్లు పెరిగేకొద్దీ స్వరం కిందికి దిగుతుంది. ఇక్కడొక తమాషా ఉంది: అవే నీళ్లు సీసాలో పోసి మూతి మీద ఊదితే నీళ్లు పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది. తట్టినప్పుడు వణికేది లోటా, నీళ్లు దానికి బరువు. ఊదినప్పుడు వణికేది సీసాలో మిగిలిన గాలి, నీళ్లు పోసేకొద్దీ ఆ గాలి పొట్టిదవుతుంది. పిల్లలకు ఈ వివరణ అక్కర్లేదు, నీకు తెలిస్తే చాలు. ఊదేవి మాత్రం ఒకరి నోటిది ఒకరికి ఇయ్యొద్దు. జాతర్లో కొన్న బూర, ఈల ఏదైనా అంతే. ఐదేళ్ల వాళ్లకైతే ఆకు చుట్టి బూర ఊదడం నేర్పు, ఊదినాక పారేయొచ్చు.

అందరికీ బాగా నచ్చేది గిలక్కాయ. చిన్న ప్లాస్టిక్ సీసాల్లో మూడో వంతు గింజలు పోసి ఊపడమే. రాగులు పోస్తే వానజల్లు సద్దు, కందులు పోస్తే గలగల, గులకరాళ్లు పోస్తే గోల. ఒక్కో రకానివి రెండేసి సీసాలు చేసి, బయటికి కనబడకుండా కాగితం చుట్టి, గంపలో కలిపి పెట్టు. "దీని జత ఏది?" అని అడిగితే చెవి దగ్గర పెట్టుకొని ఊపి ఊపి వెతుక్కుంటారు. ఒక పాప కందుల సీసా తీసి రాగుల సీసా పక్కన పెడుతుంది, ఊపుతుంది, తల అడ్డంగా తిప్పుతుంది, ఇంకోటి తీస్తుంది. క్లాసు మొత్తం గమ్మున కూర్చొని ఆ పాపతో పాటు వింటుంది. నెలకొక కొత్త గింజ చేర్చు.

గింజల దగ్గర ఒక్క మాట గట్టిగా చెబుతా. గురివింద గింజలు ఎర్రగా ముద్దుగా ఉన్నాయని సీసాలో పోయొద్దు. ఆముదం గింజలు వద్దు, ఉమ్మెత్త వద్దు. మూడూ విషమే, గురివింద, ఆముదం నమిలితే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు గింజల సీసాకైనా మూత లోపలి మరకు జిగురు పూసి బిగించి, పైన టేపు చుట్టు. పొద్దున్నే ఆయమ్మ చేత ఒకసారి అన్నీ లాగించి చూడు. పాలకూ గుడ్లకూ తల్లుల వెంట చిన్న చెల్లెళ్లు, తమ్ముళ్లు వస్తారు కదా, మూడేళ్ల లోపు వాళ్లు. రమారమి 32 మిల్లీమీటర్ల వెడల్పు గొట్టంలో పట్టే వస్తువు ఏదైనా ఆ వయసు పిల్లల గొంతుకు అడ్డం పడుతుందని బొమ్మల పరీక్షల్లో లెక్క. కంది గింజ ముక్కులో దూర్చుకునే పిల్లల్ని నువ్వు చూసే ఉంటావు.

ఎవరైనా దాత వచ్చి బొమ్మ కీబోర్డు ఇస్తానంటే ముందు ఐఎస్ఐ గుర్తు చూడు. 2021 జనవరి 1 నుంచి పద్నాలుగేళ్ల లోపు పిల్లల బొమ్మలకు మన దేశంలో అది తప్పనిసరి. గుండీ బ్యాటరీతో నడిచేదైతే ఆ బ్యాటరీ మూతకు స్క్రూ ఉందా లేదా చూడు. లేకుంటే తిప్పి పంపేసెయ్యి, మొహమాటం వద్దు. ఆ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది.

ఆ తల్లులకు ఏం చెప్పాలి? "కీబోర్డు నేర్చుకుంటే తెలివి పెరుగుతుంది" అనే మాట యాడి నుంచి వచ్చిందో తెలుసుకుంటే నీకే ధైర్యం వస్తుంది. 1993లో నేచర్ పత్రికలో ఒక చిన్న వ్యాసం వచ్చింది. అమెరికాలో 36 మంది కాలేజీ విద్యార్థులకు పది నిమిషాలు మోజార్ట్ సంగీతం వినిపించి, ఆకారాలను మనసులో ఊహించుకొని చేసే లెక్కలు ఇచ్చారు. కొంచెం మెరుగ్గా చేశారు, పది పదిహేను నిమిషాల్లో ఆ మెరుగు పోయింది. అంతే కథ. అందులో పసిపిల్లలు లేరు, ఎవరూ ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు. అయినా 1998లో అక్కడి జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ సంగీతం సీడీ పంచుతానని 1,05,000 డాలర్లు అడిగాడు. అక్కడి నుంచి ఆ మాట మన కాన్వెంటు కరపత్రాల దాకా వచ్చేసింది. తర్వాత హార్వర్డులో నాలుగేళ్ల పిల్లలకు తల్లిదండ్రులతో కలిపి కొన్ని వారాలు సంగీతం తరగతులు పెట్టి చూసి 2013లో ఫలితాలు ప్రచురించారు. లెక్కలు, మాటలు, ఆకారాలు, దేంట్లోనూ నమ్మదగ్గ తేడా కనబడలేదు. నేను ముందు చెప్పిన ఆ ఇద్దరు జర్మనీ పరిశోధకులే 2010లో ఇంకోటి చూపించారు: కలిసి పాడుతూ వాయిస్తూ ఆడిన నాలుగేళ్ల పిల్లలు, అదే ఆట సంగీతం లేకుండా ఆడిన వాళ్లకంటే, తర్వాత ఒకరికొకరు ఎక్కువ సాయం చేసుకున్నారు. కాబట్టి మార్కులు పెరుగుతాయని నువ్వు మాటివ్వొద్దు. "మీ వాడు వంతు కోసం ఆగుతాండాడు, పక్కోడు కొడుతుంటే వింటాండాడు, ఒక పూట వచ్చి చూసుకోండి" అని చెప్పు.

ఇంగ్లీషు రైమ్సు అడిగితే ఒకటో రెండో నేర్పు, పోయేదేం లేదు. దాన్నీ నీ నోటితోనే పాడు. రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లు రోజు మొత్తం మీద కూర్చొని తెర చూసే సమయం గంట దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇళ్లలోనే ఆ గంట ఎప్పుడో దాటిపోతాంది. అంతకన్నా మంచి పాటలు మీ ఊళ్లో జేజిల దగ్గర ఉన్నాయి. వారానికొకరిని పిలిపించు, జోలపాటో, చెమ్మచెక్క ఆటకు పాడేదో, ఏదైనా. మీ పక్క ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉంటాయి కదా, ఆ దాదీని కూడా తప్పకుండా పిలువు. తన ఇంటి పాట సెంటర్లో వినబడితే గొంతెత్తని పిల్ల కూడా ఎత్తుతుంది.

పలక సంగతికి వస్తా. ఆ తల్లులు పైకి అన్నది రైమ్స్ గురించి, లోపల ఉండేది కులం గురించి. నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఊళ్లో జాతరకు పలక కావాల, పెండ్లికి కావాల, పీర్ల పండగలో కావాల, చావుకు కావాల. బిడ్డ చేతికి మాత్రం వద్దు! డప్పు కళాకారులకు మన ప్రభుత్వమే నెలనెలా పింఛను ఇస్తోంది. ఆ తల్లులతో వాదన పెట్టుకొని గెలవాలని చూడొద్దు. అట్లని పలకను దాచిపెట్టీ పెట్టొద్దు. పలక ఒక్కటే వినబడుతుంటే వాళ్లకు అభ్యంతరం, పదిట్లో ఒకటిగా వినబడితే అడిగేదానికి ఏం ఉండదు. వాళ్ల నాయన్ను ఒక రోజు పిలువు. ఇంకో వారం భజన మందిరంలో హార్మోనియం వాయించే ఆయన్ను, ఇంకో వారం చెక్కభజన జట్టులో ఒకర్ని. చెక్కలకు ఉండే ఆ చిన్న రేకు బిళ్లలు పిల్లలకు ఎంత ఇష్టమో చూడు, ఒక్కో బిళ్లనూ వేలితో మీటుతారు. రాయలసీమలో ఉండి వాయిద్యాలకు కరువేంది? అనంతపురం పక్క ఉరుములున్నాయి, కర్నూలు పక్క గురవయ్యల డమరుకాలున్నాయి. ఏ జాతరకో మీ ఊరి మీదుగా పోతుంటే ఆపి ఒక్క నిమిషం వాయించమను, కాదనరు.

పలక ఆయన వచ్చినప్పుడు వాయించడం ఒక్కటే చూపించి పంపొద్దు. ముందు పలక చల్లగా ఉన్నప్పుడు ఒక దెబ్బ కొట్టమను. తోలు వదులుగా ఉండి బొద్దుగా పలుకుతుంది. తర్వాత ఆరుబయట రెండు దంట్లు మంట వేసి కాపమను, పిల్లలు నీ వెనక, దూరంగా. తోలు బిగుసుకున్నాక మళ్లీ కొట్టమను. ఆ మోత తేడా వినగానే "ఇంకోసారి, ఇంకోసారి" అంటారు. కుడి చేతిలో లావు పుల్ల, ఎడమ చేతిలో సన్న పుల్ల ఎందుకో అడగనియ్యి. తర్వాత పలకను నేల మీద పెట్టి ఒక్కొక్కరూ అరచెయ్యి ఆనించి పెట్టుకుంటే ఆయన అంచున మెల్లగా కొడతాడు. చేతిలోకి వచ్చే ఆ వణుకు ఒక్కసారి తెలిస్తే బిడ్డ మర్చిపోడు.

ఆ పిల్లోని విషయంలో ఇంకో వైపు కూడా చూడు. వాడు బాగా కొడతాడని ప్రతిసారీ వాని చేతికే బకెట్ ఇస్తే, ఆ తల్లులు వేసే ముద్రే నువ్వు కూడా వేసినట్టవుతుంది. నాయన పలక కొడతాడు కాబట్టి వీడూ అదే అనుకోవద్దు. హార్మోనియం వచ్చిన రోజు మెట్లు నొక్కే మొదటి వంతు వానికియ్యి. నీళ్ల లోటాల దగ్గర కూర్చోబెట్టు. రంగులు పూయించు. ఇంకో పిల్ల బకెట్ మీద కొడుతుంటే వాన్ని విననియ్యి. వాని కళ్ల ముందు "వాళ్ల నాయన పోలికే" అని పదే పదే అనొద్దు, ఎంత మెచ్చుకోలుగా అన్నా.

చెవులు మూసుకునే పాపను లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు. మూలకు పోవడం ఆ బిడ్డ తనను తాను కాపాడుకోవడమే. సద్దు ఎప్పుడు మొదలవుతుందో ముందే చెప్పు, "నా చెయ్యి దిగితే మోత వస్తాది, నువ్వు గడప దగ్గర కూర్చుంటావా?" అని అడుగు. చేతులెత్తి ఆపే పెద్దరికం ముందుగా ఆ పాపకే ఇచ్చి చూడు. మోత తన అదుపులో ఉంటే భయం చాలావరకు తగ్గుతుంది. రాగుల సీసా, పీలిక చుట్టిన కట్టె లాంటి మెత్తటివి దగ్గర పెట్టు. అయినా నెలా రెండు నెలల్లో మార్పు లేకపోతే, లేదంటే మిక్సీ, కుక్కర్ విజిల్, మోటార్ సైకిల్ చప్పుడుకు కూడా అట్లే చేస్తుందని తల్లి చెబితే, చెవిలో నొప్పీ చీమూ ఉన్నాయేమో అడుగు. పిలిస్తే పలకని పిల్లలు, అందరికంటే గట్టిగా మోదే పిల్లలు ఉంటే వాళ్ల పేర్లు కూడా రాసిపెట్టు, అది అల్లరి కాకుండా వినికిడి తక్కువై ఉండొచ్చు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు రావాల. వచ్చినప్పుడు బరువు, ఎత్తు చూపించి పంపేయకుండా ఈ పేర్లు ముందు పెట్టు. అవసరమైతే వాళ్లే జిల్లా కేంద్రంలోని సత్వర చికిత్స కేంద్రానికి రాసిస్తారు.

పక్క సారు కోపంలో న్యాయం ఉంది. నాలుగు వట్టి గోడలు, పైన మిద్దె ఉన్న గదిలో ఇరవై రెండు స్టీలు ప్లేట్లు మోగితే నీ చెవులకూ మంచిది కాదు, పిల్లల చెవులకు అసలే కాదు. పిల్లలకు వారానికి 40 గంటలు వినేట్టయితే 75 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, పెద్దోళ్లకు 80. మోత పెరిగేకొద్దీ ఆ గంటలు గబగబా తగ్గిపోతాయి. స్టీలు ప్లేట్లు తీసేసెయ్యి. ప్లాస్టిక్, అట్ట, చెక్క, మట్టి వీటితోనే నడిపించు. కింద బొంత గానీ గోనె సంచులు గానీ పరిచెయ్యి. వేపచెట్టు ఉంటే దాని కిందికి పో. వాళ్లకు ఇంటర్వెల్ ఎప్పుడో కనుక్కొని నీ పావుగంట అప్పుడు పెట్టుకో. ఇంకో పని కూడా చెయ్యొచ్చు: కొత్త విద్యా విధానంలో మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకటే పునాది దశ. అంటే నీ పిల్లలు, ఆయన ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లలు ఒకే గూట్లోకి వస్తారు. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రంలో పాటలు, ఆటలు, వాయిద్యాలు అందరికీ ఉన్నాయి. "సార్, శనివారం మీ ఒకటో తరగతి పిల్లల్ని కూడా పంపండి, కట్టెలు నేనిస్తా" అని అడుగు. వస్తే మంచిదే. రాకపోయినా గోల అనే మాట ఇంకోసారి అనేటప్పుడు కాస్త ఆలోచిస్తాడు.

జనవరి 26. ఒక సినిమా పాట పెట్టి, ముందు వరుసలో నలుగుర్ని నిలబెట్టి, తక్కిన వాళ్లను వెనక నిలబెట్టి నెల రోజులు రిహార్సల్ చేయించే పని పెట్టుకోవద్దు. మూడేళ్ల బిడ్డ మైకు ముందు ఏడుస్తుంది, తల్లి సిగ్గుపడుతుంది, ఫోటో వస్తుంది, అంతే. మేడంతో ముందే చెప్పు: పిల్లలు రోజూ చేసేదే ఆ రోజూ చేస్తారు, పది నిమిషాలు, పెద్దోళ్లు కూడా కలుస్తారని. పిల్లలు గుండ్రంగా కూర్చుంటారు, వాళ్ల వెనక తల్లులు, జేజిలు. అందరికీ రెండేసి కంది కట్టెలు. చెయ్యి లేపేది పిల్లలు. అభ్యంతరం చెప్పిన ఆ ఇద్దరు తల్లులకు ముందు వరుసలో చోటు ఉంచు. జెండా వందనానికి లౌడ్ స్పీకర్ పెట్టి ఉంటారు, ఆ పది నిమిషాలూ ఆపమని ముందు రోజే పంచాయతీ వాళ్లకు చెప్పి పెట్టు. కట్టెలు పిల్లలకు సరిపడా కాకుండా దానికి మూడింతలు కోయించు, కంది కట్టె పొయ్యిలోకి పోయేలోపే.